పులి నోట్లో కారం

పులి నోట్లో కారం కొట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. పేరు సరిత. మరిపెడలో ఎండుమిర్చి కొట్టున్న ఇంటి కోడలిని. నా మూలంగా ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఒక పులి ఆగకుండా తుమ్మింది. ఒక ఎలుగుబంటి తన తల తానే ఊడబీకి పక్కన పడేసి నీళ్ల కోసం పరుగెత్తింది. మా ఇంటి మగవాళ్లిద్దరూ జాతరలో తప్పిపోయిన పిల్లల్లా గొంతెత్తి అమ్మను పిలిచారు. ఇంత ఘోరం చేసిన మనిషి తల దించుకుని కథ మొదలుపెట్టాలంటారు. నేను దించుకోను.

ఎందుకంటే ఈ కథను మా ఇంట్లో ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకుంటున్నారు. మా ఆయన చెబితే అందులో నేను నేరస్తురాలిని. మా వదిన చెబితే బుద్ధి తక్కువదాన్ని. వదిన భర్త చెబితే ఆయనొక్కడే ధైర్యవంతుడు, మిగతా అందరం అరిచాం. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరో ఒకరు "ఆ కారం ముచ్చట చెప్పుర్రి" అంటారు, ఇక నేను అన్నం విస్తరి ముందు నవ్వుతూ కూర్చోవాలి. ఇన్నాళ్లూ కూర్చున్నాను. ఇప్పుడు నా నోటితో నేను చెబుతాను. క్షమాపణ కోసం చదివేవాళ్లు ఇక్కడే లేచిపోవచ్చు, ఇందులో అది దొరకదు.

అసలు గొడవ పులి దగ్గర మొదలు కాలేదు, సంచుల దగ్గర మొదలైంది. మీ ఇంట్లో కూడా ఈ ఉద్యోగం ఉండే ఉంటుంది. పెళ్లికి పోయినా, గుడికి పోయినా, దవాఖానకు పోయినా ఎవరో ఒకరు సంచుల దగ్గర కూర్చోవాలి. మిగతావాళ్లు చెప్పులు కూడా అక్కడే విడిచి, ఫోన్లు కూడా ఒళ్లో పడేసి, "ఇప్పుడే వస్తం" అని మాయమవుతారు. ఈ ఉద్యోగానికి ఎవరూ దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు. మెడలో తాళి పడగానే దానంతట అదే వస్తుంది. మా ఇంట్లో నాకు ముందు దాన్ని మా అత్తమ్మ చేసింది. ఇంటిల్లిపాదీ మేడారం జాతరకు పోయినప్పుడు అందరూ జంపన్నవాగులో మునిగి గద్దెలు చూసొస్తే, ఆమె చెట్టు కింద సంచులు చూసొచ్చింది. నేను కాపురానికి వచ్చాక ఇద్దరం పక్కపక్కన కూర్చోవడం మొదలుపెట్టాం. ఆడబిడ్డకు మాత్రం ఈ డ్యూటీ ఉండదు. ఆమె ఇంటి బిడ్డ కదా, ఆమె చెప్పులు కూడా మేమే చూడాలి.

పెళ్లయ్యాక నాకది రెండో ఎండాకాలం. సీజను ముగిసి కొట్టు కాస్త తెరిపిన పడింది. జంతువుల పార్కుకు పోదామని మా ఆయన రవీందర్ అన్నాడు. హైదరాబాదు రోడ్డులో కొత్తగా పెట్టారు, అందులో ఆటలన్నీ జంతువుల పేర్లతో ఉంటాయి అన్నాడు. పోయే రోజు అమావాస్య. లోకమంతా అమావాస్య నాడు ప్రయాణం మానుకుంటుంది, మిర్చి వ్యాపారులు అమావాస్య నాడే పెట్టుకుంటారు. మార్కెట్‌కు సెలవు ఆ రోజే మరి. అత్తమ్మ గుమ్మం దగ్గర నిమ్మకాయ తొక్కించి కారెక్కించింది. తొర్రూరు మీదుగా జనగామ చేరి అక్కడ మా ఆడబిడ్డ పద్మ వదినను, ఆమె భర్తను ఎక్కించుకున్నాం. ఆయనకు జనగామలో బట్టల దుకాణం. నేను అన్నయ్యా అని పిలుస్తాను. కారెక్కినప్పటి నుంచి ఆయన ఒకటే మాట.

"బావా, నేను హైదరాబాదు నుమాయిష్ల జెయింట్ వీల్ ఎక్కి, మీద కూసోని మిర్చి బజ్జి తిన్నోన్ని. గీ పులులు నాకో లెక్క గాదు."

"కిందికి దిగినంక ఏమైందో గది గూడ చెప్పుర్రి" అంది వదిన.

"గది బజ్జి బాగలేక" అన్నాడాయన.

పార్కు గేటు ఒక పెద్ద ఏనుగు. దాని కాళ్ల సందుల్లోంచి లోపలికి పోవాలి. అత్తమ్మ ఆ సిమెంటు ఏనుగుకు రెండు చేతులెత్తి మొక్కి, తొండాన్ని కళ్లకద్దుకుని, అప్పుడు అడుగు వేసింది. అక్కడే మాకు మొదటి దెబ్బ తగిలింది. గేటు దగ్గరున్న సెక్యూరిటీ ఆయన సంచులు తెరిచి పులిహోర డబ్బా బయట పెట్టాడు. తర్వాత సకినాల డబ్బా. తర్వాత పచ్చడి సీసా.

"బయటి తిండి లోపలికి రానియ్యమమ్మా. కార్ల పెట్టి రార్రి."

"గిది బయటి తిండా?" అంది అత్తమ్మ. "మా ఇంట్ల వండిన బిడ్డా. బయటి తిండంటే మీ లోపల అమ్మేది."

ఆయన నవ్వాడు కానీ వదల్లేదు. డబ్బాలన్నీ కారులోకి పోయాయి. ఇంకా ఒక్కటి మిగిలింది. అది మా ఇంటి కారం. మాకదొక పద్ధతి. ఏటా సీజన్లో వచ్చే మొదటి బస్తాలోంచి మంచి కాయలు ఏరి, తొడిమలు తీసి, ఎండబెట్టి అత్తమ్మే దగ్గరుండి పట్టిస్తుంది. ఎక్కడికి పోయినా ఆ కారం మా వెంట ఉండాలి. పరాయి ఇంటి కారం ఆమె ముట్టదు, హోటల్ కారం అంటే అసలే గిట్టదు. చిన్న మూటను చేతిలో దాచుకుని, నన్ను ఏనుగు వెనక్కాలి చాటుకు లాగింది.

"కొంగు వట్టు."

"అత్తమ్మా, చూస్తరు."

"సంచులు జూస్తరు గని కొంగులు జూస్తరా? వట్టు."

పట్టాను. నా చీర కొంగు చివర గుప్పెడు కారం పోసి, బిగించి, మళ్లీ బిగించి ముడేసింది. ఆ ముడి మా ఇంటి ఇనప్పెట్టె తాళంలాంటిది. వేసినవాళ్లకు తప్ప లొంగదు. అసలు నేను పంజాబీ డ్రెస్సు వేసుకుంటానంటే "అమావాస్య పూట చీర కట్టుకోవాలె" అన్నది కూడా ఆమే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత తీర్పు చెప్పేటప్పుడు పనికొస్తుంది.

లోపల ఎక్కడ చూసినా జంతువులే. చిన్నపిల్లల కోసం తాబేలు బండి, నీళ్లలోకి జారడానికి కొండచిలువ, గుండ్రంగా తిరిగే ఏనుగులు. ఆ మండుటెండలో ఎలుగుబంటి వేషం, కోతి వేషం వేసుకున్న మనుషులు చేతులూపుతూ తిరుగుతున్నారు, వాళ్లను చూస్తే నాకే చెమట పట్టింది. అన్నిటికీ మధ్యలో ఉంది పులి. పసుపు మీద నల్ల చారల రైలు. పట్టాలు ఆకాశంలోకి పోతాయి, అక్కడ ఒక క్షణం ఆగి, పడ్డట్టుగా కిందికి దిగి, నోరు తెరిచిన ఒక పెద్ద పులి తలలోకి దూరుతాయి. లోపలంతా చీకటి గుహ. తోకలోంచి బయటికొస్తారు. కింద నిలబడి చూస్తుంటేనే నా కడుపులో ఏదో కదిలింది. అది భయమని మీరనుకుంటే మీ ఇష్టం. నేను పొద్దున తిన్న ఉప్మా అనుకున్నాను.

పులి ఎదురుగా నీడకు ఒక బెంచీ ఉంది. అలవాటు ప్రకారం అందరూ సంచులు అక్కడ పెట్టారు, చెప్పులు విడిచారు, ఫోన్లు తీశారు. అలవాటు ప్రకారం అత్తమ్మ కూర్చుంది. నేను నిలబడ్డాను.

"కూసో, ఇప్పుడే వస్తం" అన్నాడు మా ఆయన.

"నేనూ వస్త."

"యాడికి?"

"పులి కాడికి."

ఆయన నన్ను కింది నుంచి మీదికి చూసి నవ్వాడు. "నువ్వా? ఇంట్ల బల్లిని జూస్తెనే బజారు దాక ఉరుకుతవ్."

"బల్లి మీద పడ్తది. పులి మీద మనం కూసుంటం. రెండు ఒక్కటెట్లయితయి?"

"చెల్లే, నీకెందుకమ్మా పరేషాన్" అన్నాడు అన్నయ్య. "మీద నుంచి అరిస్తే కింద మా ఇజ్జత్ వోతది."

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. చెప్పేస్తున్నాను, నాకు ముక్కు మీద కోపం, అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. "అరిస్తే గద? అరవకుండ దిగితే ఏమిస్తరు?" అన్నాను.

మా ఆయన మంచి బేరగాడు. అడిగిన వెంటనే ధర కట్టాడు. "అరవకుండ దిగితే ఇగ నువ్వు జిందగీల సంచుల కాడ కూసునుడు లేదు. యాడికి వోయినా నేనే కూసుంట. అరిచినవనుకో, సంచులు నీయే, నోరు మెదపొద్దు. ఖాయమా?"

"ఖాయం."

"అమ్మా, నువ్వే సాక్షి" అన్నాడాయన. అత్తమ్మ మా ముఖాలు మార్చి మార్చి చూసి, వదిన చెప్పులను సరిగ్గా జతచేసి పెట్టింది.

క్యూ పెద్దది. మా వెనక భూపాలపల్లి నుంచి వచ్చిన కాలేజీ అమ్మాయిలు, అందరూ ఒకే రంగు టీషర్టుల్లో ఉన్నారు. మా పందెం సంగతి వాళ్ల చెవిన పడింది. "అక్కా, తగ్గొద్దు! మేం నీ తరఫు!" అని ఒకటే గోల. నాకు ఇంకా ఊపొచ్చింది. పక్కనే ఒకతను మామిడికాయ ముక్కలు అమ్ముతుంటే వదిన కొన్నది. వాటి మీద చల్లిన కారం చూస్తే రంగు వెలిసిపోయి ఉంది.

"నీ కొంగున మనది ఉన్నది గద, తియ్యి" అంది వదిన.

అత్తమ్మ ముడిని గోళ్లతో లాగి, పళ్లతో లాగి, చివరికి ఎలాగో విప్పాను. ముక్కలు అద్దుకుని తిన్నాం. వెనక అమ్మాయిలకూ పెట్టాం. "అక్కా, ఏం కారం అక్కా!" అని వాళ్ల కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నాకు గర్వంగా అనిపించింది. మిగిలిన కారాన్ని మళ్లీ మూటకట్టాను.

ఇక్కడ మీరు జాగ్రత్తగా వినాలి. మా కొట్టులో శాంపిల్ కాయల్ని చిన్న గుడ్డల్లో కట్టి వరసగా పెడతాం. కొనేవాళ్లు వచ్చినప్పుడు ఒక్కో ముడి విప్పుకుంటూ కూర్చుంటే బేరం పోతుంది. అందుకని ఒక కొసను చెవిలా బయటికి వదిలి ముడేస్తాం. చెవి పట్టి ఒక్కసారి గుంజితే గుడ్డ మొత్తం పువ్వులా విచ్చుకుంటుంది. కాపురానికొచ్చిన మొదటి సీజన్లోనే నేను ఆ మార్కెట్ ముడి నేర్చుకున్నాను. మా ఆయన కంటే వేగంగా వేసేదాన్ని. కొట్టులో పనివాళ్లు మెచ్చుకునేవాళ్లు. అలవాటైన చెయ్యి కదా, నేను అమ్మాయిలతో మాట్లాడుతూ, మా ఆయనను గుర్రుగా చూస్తూ, కొంగుకు కూడా ఆ ముడే వేశాను. వేశానని నాకు తెలియదు. చేతికి తెలుసు.

ఎక్కేచోట కుర్రాడిలాంటి ఉద్యోగి ఒకాయన నా చీర చూసి ఆగాడు. "మేడం, కొంగు నడుముకు గట్టిగ చుట్టుకోర్రి. ఏది ఎగరొద్దు."

"ఎగరది" అన్నాను. నడుము చుట్టూ తిప్పి, ముడిని కడుపు దగ్గర దోపాను.

"ముందు సీట్ల ఎవరు?" అన్నాడాయన.

మా ఆయన వెనక్కి తిరిగి అన్నయ్యను చూశాడు. అన్నయ్య ఆకాశాన్ని చూశాడు. "లేడీస్ ఫస్టు" అన్నారు ఇద్దరూ కలిసి. ఇంటి నుంచి బయల్దేరాక వాళ్లు మాకిచ్చిన మొదటి గౌరవం అది. నేనూ వదినా ముందు వరసలో కూర్చున్నాం. మగవాళ్లిద్దరూ మా వెనక. వాళ్ల వెనక మొత్తం భూపాలపల్లి. ముందు సీటు అనే మాటను కూడా గుర్తుపెట్టుకోండి. గాలి ముందు నుంచి వెనక్కి వీస్తుంది, వెనక నుంచి ముందుకు కాదు.

బండి కదిలింది. ఎక్కుతోంది, ఎక్కుతోంది, టకటకమంటూ ఎక్కుతూనే ఉంది. కింద అత్తమ్మ మిరపగింజంత కనిపించింది. వదిన కళ్లు గట్టిగా మూసుకుని, మా ఇద్దరికీ ఉన్న ఒక్క ఇనప కడ్డీని రెండు చేతులతో ఆమే వాటేసుకుంది. నాకు పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"సరితా, దేవున్ని తల్సుకో" అంది కళ్లు తెరవకుండా.

"నువ్వు తల్సుకో. నేను నోరు తెరిస్తే పందెం పోతది."

కొస మీద బండి ఆగింది. ఆ క్షణంలో నాకు భయమేసిందా అంటే, వేయలేదు. మరిపెడలో వదిలొచ్చిన బర్రె గుర్తొచ్చింది. అంతే. పళ్లు బిగబట్టాను. నోరు తెరిస్తే జీవితాంతం సంచులు. తెరవను. చస్తే తెరవను. బండి ముందుకు వంగింది. నా కుడిచెయ్యి పట్టుకోవడానికి ఏదో ఒకటి వెతికింది. కడుపు దగ్గర ముడి దొరికింది. ముడికి ఒక చెవి దొరికింది. బండి పడింది. నేను గుంజాను.

మార్కెట్ ముడి కదా, దాని ధర్మం అది నెరవేర్చింది. కొంగు విచ్చుకుని నా భుజం మీదుగా జెండాలా వెనక్కి లేచింది. గుప్పెడు కారం ఒక ఎర్రటి మబ్బై, నన్ను గానీ వదినను గానీ ముట్టకుండా, నేరుగా వెనక్కి పోయింది.

ముందు మా ఆయన గొంతు. "అవ్వా! నా కండ్లు!"

వెంటనే నుమాయిష్ వీరుడు. "నీళ్లు! అవ్వా, నీళ్లు! ఆపుర్రి! బండి ఆపుర్రి!"

ఆ వెనక భూపాలపల్లి అంతా ఒక్కసారిగా, "అక్కా! ఏందక్కా గిది! హాచ్చి!"

అప్పుడే పులి నోట్లోకి పోయాం. లోపల కిటికీ లేదు, గాలి లేదు. కారానికి బయటికి పోయే దారి లేక అందరి మీదా సమానంగా పరుచుకుంది. చీకట్లో నాకేమీ కనిపించలేదు గానీ వినిపించింది. తుమ్ములు గుహ గోడలకు కొట్టుకుని రెండింతలై తిరిగొస్తున్నాయి. కింద కూర్చున్న అత్తమ్మకు పులి నోరు తెరిచి తుమ్ముతున్నట్టు వినపడిందట. "అమావాస్య నాడు వద్దంటే వింటరా" అని ఆమె అప్పటికే లేచి నిలబడిందట.

తోకలోంచి బయటపడ్డాం. బండి ఆగింది. నేను వెనక్కి తిరిగి చూసి, వెంటనే ముందుకు తిరిగాను. చూడదగ్గ దృశ్యం కాదు. మా ఆయన ముఖం బోనాల పోతురాజు ముఖంలా ఉంది. అన్నయ్య తెల్లచొక్కా గులాబీరంగులోకి మారింది. ఎలుగుబంటి వేషంలో ఉన్న ఉద్యోగి సాయం చేద్దామని పరుగున వచ్చి, మా ఆయన మీదికి వంగి "ఏమైంది సార్" అన్నాడు. మా ఆయన జవాబుగా తుమ్మాడు. ఎలుగుబంటికి ఉన్న కంటి రంధ్రాల్లోంచి ఎంత కారం లోపలికి పోయిందో ఆ దేవుడికే తెలియాలి. తల ఊడబీకి పడేసి, కింది భాగం ఎలుగుబంటిగానూ పై భాగం మనిషిగానూ నల్లా దగ్గరికి ఉరికాడు. తాబేలు బండిలో ఉన్న ఒక చిన్నపాప దాన్ని చూసి కెవ్వుమంది.

అప్పుడొచ్చింది అత్తమ్మ. సంచులు, చెప్పులు, ఫోన్లు అన్నీ బెంచీ మీద దిక్కులేకుండా వదిలేసి వచ్చింది. అది ఆమె జీవితంలో జరగని సంగతి. కొంగును బంతిలా చుట్టి, నోటితో ఊది వెచ్చగా చేసి, ముందు కొడుకు కళ్ల మీద పెట్టింది. తర్వాత అల్లుడి కళ్ల మీద. తర్వాత అమ్మాయిల్ని వరసగా నిలబెట్టింది. మిర్చి ఇళ్లలో కంట్లో కారం పడటం కొత్త కాదు, వైద్యం మాకు చేతిలో పనే.

"నలపొద్దు బిడ్డా. నీళ్లు గొట్టుకో. ఇటు రా. ఊ... అయిపాయె, ఏం గాదు." చివరికి ఎలుగుబంటిని కూడా పిలిచి ఊదింది. కాసేపట్లో అందరికీ కళ్లు తెరుచుకున్నాయి. ఒక అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ "మళ్ల ఎక్కుదామా" అనడం నా చెవులారా విన్నాను.

అంతలో పార్కు మేనేజరు వచ్చాడు. టై కట్టుకున్నాడు, కానీ అప్పటికే ఆయన కళ్లూ ఎర్రబడ్డాయి. గుహలోకి తొంగిచూసి వచ్చాడన్నమాట. పులికి తాడు కట్టి మూసేశారు.

"ఎవరండీ ఇది చేసింది? రంగు చల్లారా? ఏంటిది?"

మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని చెవిలో అన్నాడు. "సప్పుడు చెయ్యకు. ఎవ్వలికి తెల్వదు. మెల్లగ గేటు దిక్కు నడువు."

"మరి పందెం?"

"ఏం పందెం? అందరు అరిచిన్రు. నువ్వు గూడ అరిచినవ్."

"నేను అరవలే!"

"గా లొల్లిల ఎవలు అరిచిన్రో ఎవలకెర్క? సాక్షి ఉన్నదా?"

వదిన వైపు చూశాను. "నేను కండ్లు మూస్కున్న, నాకేం తెల్వది" అంది వదిన. ఇంటి బిడ్డ కదా. అమ్మాయిల వైపు చూశాను. వాళ్లకు అప్పుడు వాళ్ల పేర్లే గుర్తులేవు. నాకు నిజంగా ఏడుపు ముంచుకొచ్చింది. అంత ఎత్తు ఎక్కి, పళ్లు విరిగేలా బిగబట్టి, ఒక్క కేక కూడా వేయకుండా దిగొచ్చిన మనిషిని నేను. ఈ మబ్బులో నా గెలుపు కొట్టుకుపోతోంది. రేపటి నుంచి మళ్లీ అదే బెంచీ.

మేనేజరు ఈలోగా పక్కనున్న గదికి నడిచాడు. "ఫొటోలు చూద్దాం. పులి నోటి దగ్గర కెమెరా ఉంది. ఎవరో తేలిపోతుంది." గది ముందు టీవీ తెర మీద ఒక ఫొటో వచ్చింది. అందరం మూగాం.

దేవుడు నిజంగా ఉన్నాడనిపించింది నాకు. ఫొటోలో వెనకంతా ఎర్రటి మబ్బు. ఆ మబ్బులో వరసలు వరసలుగా తెరుచుకున్న నోళ్లు. అన్నిటికంటే పెద్దగా తెరుచుకున్నవి మా ఆయనదీ అన్నయ్యదీ. ఎంత పెద్దగా అంటే, అన్నయ్య కట్టించుకున్న వెనక పన్ను కూడా కనిపిస్తోంది. ముందు వరసలో వదిన కళ్లు మూసుకుని ఉంది. ఆమె పక్కన నేను. వెనక్కి ఎగురుతున్న కొంగు. చేతిలో కొంగు కొస. నా నోరు మూసే ఉంది. పెదాలు మాత్రం సాగి ఉన్నాయి. నిజం చెప్పాలంటే అది బిగబట్టిన పళ్ల మహిమ, కానీ చూసేవాళ్లకు చక్కగా నవ్వుతున్నట్టుంది.

"ఈ నవ్వుతున్నావిడ ఎవరు?" అన్నాడు మేనేజరు. గొంతు మారిపోయింది.

మా ఆయన నా చెయ్యి నొక్కాడు. "నువ్వు గాదు. మొకం సక్కగ కనవడ్తలేదు. నడువు."

కాదంటే కారం గొడవ లేదు, పందెమూ లేదు. అవునంటే రెండూ ఉన్నాయి. ఆ ఫొటోలోంచి నవ్వును తీసుకుని కొంగును వదిలేయడం కుదరదు. చెయ్యెత్తాను.

"నేనే."

"అంటే తప్పు ఒప్పుకుంటున్నారన్నమాట."

"తప్పెవలు ఒప్పుకున్నరు సార్? ఫొటో నాదంటున్న. మంచిగ జూడుర్రి. నా నోరు మూసి ఉన్నది. గా వెనక నోర్లు తెరిచినోళ్లు నా మొగడు, మా అన్నయ్య. అందరి ముంగట చెప్పుర్రి, ఎవలు అరిచిన్రు?"

మేనేజరు ఆ ప్రశ్న కోసం రాలేదు. అయినా తెర వైపు చూశాడు. ఎవరైనా చూడాల్సిందే. "వాళ్లే అరిచారండీ" అన్నాడు. అనుకోకుండా వచ్చేసింది ఆ మాట. వెనక నుంచి భూపాలపల్లి అమ్మాయిలు ఈలలు వేశారు. "అక్క గెలిచింది!"

మేనేజరు తేరుకున్నాడు. "గెలవడమేంటండీ! పులిని కడిగేదాకా ఆట బంద్. అసలు కారం లోపలికెలా వచ్చింది? పెద్దమ్మా, మీరైనా చెప్పండి, ఇది కారమేనా, రంగా?"

అత్తమ్మ తెర దగ్గరికి వెళ్లింది. ఎర్రమబ్బును దగ్గరగా చూసింది. కొట్టులో కాయను వెలుతురుకు పెట్టి చూసినట్టే చూసింది. కొంగున కట్టింది ఆమె, ముడి మార్చింది నేను. ఇప్పుడు ఏమంటుందో?

"రంగెందుకైతది బిడ్డా" అంది. "మా కారం. మొదటి బస్తాది. ఫొటోల గూడ ఎట్ల నిగనిగలాడుతున్నదో జూడు. మీ మామిడికాయల మీద జల్లేది కారం గాదు, గది మార్సుకోర్రి."

మేనేజరు కళ్లలో ఇంకా నీళ్లు కారుతుంటే అత్తమ్మ కొంగు చుట్టి ఊది ఆయనకు కూడా పెట్టింది. అలా ఊదించుకున్న మనిషి గట్టిగా తిట్టలేడు కదా. చివరికి, ఇంకెప్పుడూ ఇలా చేయనని మాటివ్వమన్నాడు. గది ముందున్న చిన్న పులిబొమ్మ నెత్తిన చెయ్యి పెట్టి మాటిచ్చాను.

బెంచీ దగ్గరికొచ్చాం. మా ఆయన మూతి ముడుచుకుని సంచులు ఎత్తుకోబోయాడు, ఇంటికి పోదామని. అత్తమ్మ ఆయన చేతిలోంచి సంచులు తీసుకుని మళ్లీ బెంచీ మీద పెట్టింది. తన చెప్పులు విడిచి, జతచేసి, కొడుకు కాళ్ల దగ్గర పెట్టింది.

"కూసో బిడ్డా. సంచులు భద్రం. నేను సాక్షిని, యాదిలేదా?"

"అమ్మా, నువ్వు యాడికి?"

"ఏనుగు మీదికి. గా గుండ్రంగ తిరిగేదానికి. ఇన్నేండ్లు అందరి చెప్పులు నేనే జూసిన, ఒక్కపూట నా చెప్పులు నువ్వు జూడు. సరితా, చెయ్యి వట్టు, పోదాం."

ఆ మాటకు నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఎందుకేడుస్తున్నావని వదిన అడిగితే కారం పడిందన్నాను. నా కంట్లో చుక్క కారం పడలేదని ఆ పార్కులో అందరికీ తెలుసు. అత్తమ్మ ఏనుగు మీద కూర్చుని, అది తిరిగినంతసేపూ చిన్నపిల్లలా అరిచింది. ఆమె పందెం కట్టలేదు కదా, ఎంతైనా అరవొచ్చు. ప్రతి చుట్టుకూ బెంచీ ముందుకొచ్చినప్పుడు "రవీ, సంచులు!" అని కేకేసేది. మా ఆయన చెయ్యెత్తి ఉన్నాయని చూపించేవాడు. ఆయన పక్కన అన్నయ్య కూడా ఉన్నాడు, గులాబీరంగు చొక్కాతో. జాయింట్ డ్యూటీ.

ఆ ఫొటో ఇప్పుడు మా కొట్టులో కాంటా వెనక గోడకు ఉంది. కాయలు తెచ్చే రైతులు దాన్ని చూసి "గిదేంది, మంటలా?" అని అడుగుతారు. మా ఆయన విననట్టు నటిస్తాడు. మొన్న ఒక పెళ్లిలో భోజనాల దగ్గర ఎవరో మళ్లీ "ఆ కారం ముచ్చట" అన్నారు. మా ఆయన సంచుల పక్కన కుర్చీలో కూర్చుని, నలుగురి ఫోన్లు ఒళ్లో పెట్టుకుని, కథను తనకు తోచినట్టు చెప్పాడు. చెప్పనివ్వండి. కూర్చున్నది ఎక్కడో చూసినవాళ్లకు అసలు కథ అర్థమైపోతుంది.

ఇక ఒట్టు సంగతి. ఇలాంటి కథ చెప్పినవాళ్లు చివర్లో బుద్ధొచ్చిందని ఒట్టు పెట్టుకోవాలట. పెట్టుకుంటాను. మార్కెట్ ముడి కొంగుకు వేయను. కారంతో పులి ఎక్కను. సంచుల దగ్గర కూర్చోను. మొదటి రెండూ మేనేజరుకు ఇచ్చిన మాటలు, అలవాటైన చెయ్యి కాబట్టి ఎప్పుడైనా పొరపాటు జరిగితే జరగొచ్చు. మూడోదాంట్లో మాత్రం జరగదు.